బల్ల మీద ఖరగ్‌పూర్

బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మాకు ఊళ్లకన్నా స్టేషన్లు బాగా తెలుసు. ఎక్కడ ఇడ్లీ బాగుంటుందో, ఎక్కడ ఇంజను మారుస్తారో, ఎక్కడ నీళ్ల సీసా నింపుకునేంత సేపు బండి ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కానీ ఆ స్టేషన్ అక్కడే ఎందుకు పుట్టింది, దాని వెనక ఉన్న ఎర్ర ఇటుకల ఇళ్లలో ఎవరు ఉండేవారు అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. కిందటేడు బడి ప్రదర్శన కోసం రైలు నమూనా చేయాలనుకున్నప్పుడు ఈ ప్రశ్నలన్నీ మా నెత్తిన పడ్డాయి.

మేం ఐదుగురం. అప్పుడు తొమ్మిదో తరగతి. ఒకరి నాన్నగారు రైల్వేలో, ఒకరి నాన్నగారు వైమానిక దళంలో, ఇద్దరి నాన్నలు బ్యాంకుల్లో, ఒకరి అమ్మగారు తపాలా శాఖలో పని చేస్తారు. ఐదుగురం తెలుగువాళ్లం, ఐదుగురం పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కి బదిలీ మీద వచ్చినవాళ్లం. మాలో ఒకరి మామయ్య విదేశం నుంచి తెచ్చిన రైలు బొమ్మల పెట్టె ఉంది. అందులో ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు, ఒక ప్లాస్టిక్ స్టేషన్ ఉన్నాయి. మంచు జారిపోవడానికి ఆ స్టేషన్ కప్పు బాగా ఏటవాలుగా ఉంది. ఖరగ్‌పూర్ ఎండలో దాన్ని చూస్తే మాకే నవ్వొచ్చింది. రైలు ఆ పెట్టెలోది వాడదాం, ఊరు మాత్రం మనదే చేద్దాం అనుకున్నాం. మా వర్క్ ఎక్స్‌పీరియన్స్ సార్ ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. మేం కొలిచింది గానీ, చదివింది గానీ, తెలిసినవాళ్లు చెప్పింది గానీ తప్ప ఊహించి ఏదీ బల్ల మీద పెట్టకూడదన్నారు.

మొదట లెక్కలు మొదలయ్యాయి. మా బొమ్మ రైలు అసలు రైలులో 87వ వంతు. అంటే నిజంలో ఒక అడుగు మా బల్ల మీద మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది. ఖరగ్‌పూర్ అనగానే అందరూ చెప్పేది ప్లాట్‌ఫారం గురించి. దాని పొడవు 1072.5 మీటర్లు. చాలా ఏళ్లు ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైన ప్లాట్‌ఫారం ఇదే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దీన్ని దాటాయి. 1072.5ను 87తో భాగిస్తే పన్నెండు మీటర్ల పైన వచ్చింది. మా బల్ల పొడవు ఎనిమిది అడుగులు, అంటే రెండున్నర మీటర్లకు కొంచెం తక్కువ. మా తరగతి గది గోడ బద్దలుకొట్టి వరండాలోకి వెళ్లినా ఆ ప్లాట్‌ఫారం పట్టదు. చివరికి మీటరున్నర ముక్క చేసుకున్నాం. అది అసలులో ఎనిమిదో వంతు కూడా కాదు.

పట్టాలతో ఇంకో చిక్కు. మన దేశంలో బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. పెట్టెలో వచ్చిన పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అవి విదేశాల్లో వాడే 1435 మిల్లీమీటర్ల గేజ్‌కి చేసినవి. మన దేశంలో రైలు నమూనాలు చేసే పెద్దవాళ్లకి కూడా ఈ తిప్పలు తప్పవట. చక్రాలు మార్చడం మా వల్ల కాదు కాబట్టి పట్టాలను అలాగే ఉంచేశాం.

తర్వాత తేల్చుకోవాల్సింది ఏ సంవత్సరం అన్నది. నమూనాలో ఊరికి ఒక తేదీ ఉండాలి. ఆవిరి ఇంజను పెడితే పైన కరెంటు తీగలు ఉంటాయా, స్టేషన్ బోర్డు ఎలా ఉంటుంది, రైల్వే పేరేమిటి, ఇవన్నీ ఏడాదిని బట్టి మారతాయి. అందుకే చరిత్ర తిరగేశాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో కలకత్తా వైపు, బొంబాయి వైపు, మద్రాసు వైపు వెళ్లే దారులు ఇక్కడ కలిశాయి. 1904 నాటికి పెద్ద వర్క్‌షాపు వచ్చింది. ఆ కంపెనీని 1944లో ప్రభుత్వం తీసుకుంది. 1952లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్ రైల్వేగా విడిపోయింది. మేం 1955నే ఎంచుకున్నాం. అప్పటికి కరెంటు తీగలు లేవు, ఆవిరి ఇంజన్లే. పేరు కొత్తది, సామాను మీద బి.ఎన్.ఆర్. అనే అక్షరాలు మాత్రం పాతవి.

ఆ కంపెనీ ఇంజన్లలో గారట్ రకం మాకు బాగా నచ్చింది. ముందొకటి వెనకొకటి, రెండు ఇంజన్లు కలిసి ఒకే బాయిలర్‌ని పల్లకీలా మోస్తున్నట్టు ఉంటుంది. అలాంటి వాటిలో 815 నంబరు ఇంజనును 2006లో ఈ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులోనే బాగుచేసి మళ్లీ నడిపించారు. మేం దాన్ని అట్టతో చేసి పక్క లైనులో నిలబెట్టాం.

ఇక కొలతలు. పట్టాల దగ్గరికి వెళ్లకూడదు, వర్క్‌షాపు లోపల ఫోటోలు తీయకూడదు, అనుమతి లేకుండా ఏ కాంపౌండులోనూ అడుగుపెట్టకూడదు అని సార్ ముందే చెప్పారు. అందుకని కాలనీలో రోడ్డు పక్కన ఉన్న ఒక పాత క్వార్టర్ల వరసను ఎంచుకున్నాం. గోడ ఎత్తు కొలవడానికి నిచ్చెన అక్కర్లేదని అక్కడే తెలుసుకున్నాం. పాత ఇటుక కట్టుబడిలో సున్నంతో కలిపి నాలుగు వరసలు ఒక అడుగు అవుతాయి. కింద ఒక చోట టేపు పెట్టి చూసుకుని, ఆ పైన వరసలు లెక్కపెట్టుకుంటూ పోవడమే. నలభై నాలుగు వరసలు వచ్చాయి. అంటే పదకొండు అడుగులు, బల్ల మీద 38.5 మిల్లీమీటర్లు. తలుపుల కోసం మాలో పొడుగ్గా ఉన్నవాణ్ణి తలుపు పక్కన నిలబెట్టి ఫోటో తీశాం. వాడి ఎత్తు తెలుసు కాబట్టి తలుపు ఎత్తు తెలిసిపోయింది.

కంచె స్తంభాలు కూడా మాకు పాఠం చెప్పాయి. అవి అరిగిపోయిన పాత పట్టాలు. పట్టా నడుము మీద తయారుచేసిన కంపెనీ పేరు, ఏడాది ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. తుప్పు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అక్షరాలు తేలతాయి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం కదా, అదే పని.

అలా రుద్దుతుంటే సైకిలు మీద పోతున్న ఒక తాతగారు ఆగారు. మా మాటలు విని, "ఏ ఊరు బాబూ మీది?" అని తెలుగులోనే అడిగారు. మనందరికీ ఇబ్బంది పెట్టే ప్రశ్న అది. పుట్టింది ఒక చోట, చదివింది నాలుగు చోట్ల, అమ్మమ్మగారి ఊరు ఇంకో చోట. ఒక్కొక్కరం ఒక్కో జాబితా చదివాం. తాతగారు నవ్వారు. "మాదీ అదే కథ. మా తాత టెక్కలి దగ్గర నుంచి ఇక్కడికి పనికొచ్చాడు. అక్కడికెళ్తే మమ్మల్ని ఖరగ్‌పూరోళ్లంటారు. ఇక్కడేమో ఆంధ్రావోళ్లంటారు" అన్నారు. ఆయన పుట్టింది మేం కొలుస్తున్న వరసలోనే, మూడో నంబరు ఇంట్లో. వర్క్‌షాపులో పని చేసి రిటైరై ఇప్పుడు సొంత ఇంట్లో ఉంటున్నారు.

ఖరగ్‌పూర్ కూరగాయల బజారులో తెలుగు ఎందుకు వినిపిస్తుందో మాకు అప్పుడు అర్థమైంది. 1893 నుంచి 1896 దాకా బెజవాడ, కటక్ మధ్య తూర్పు తీరం రైలు దారి ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. తర్వాత అది ఇటు ఖరగ్‌పూర్‌తో కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు జనానికి పని వెతుక్కుంటూ వచ్చే దారి దొరికింది. 1927లో ఇక్కడి కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఆ కార్మికుల నాయకుల్లో వి.వి. గిరి గారు ఒకరు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు. సమ్మె రోజుల్లో ఒక పొయ్యి మీద కాచిన గంజి నాలుగిళ్లకు పంచుకునేవారని తన నాన్న చెప్పేవాడని తాతగారు అన్నారు.

మేం టేపుతో కొలవలేనివి ఆయన చాలా చెప్పారు. వర్క్‌షాపు కూత విని ఇళ్లల్లో గడియారాలు సరిచేసుకునేవారట. ఇంజన్ల మసి పడుతుందని ఆడవాళ్లు గాలి ఎటు వీస్తోందో చూసి మరీ బట్టలు ఆరేసేవారట. అందుకే పెరటి వైపు ఒక తాడు, వీధి వైపు ఒక తాడు, రెండూ ఉండేవట. మేం వెంటనే నోటు పుస్తకంలో రాసుకున్నాం.

ఆ వరస గోడల మీద తెల్ల రంగుతో కొత్త అంకెలు వేసి ఉన్నాయి. అవేమిటని అడిగితే, పాతబడ్డాయి కాబట్టి పడగొడతారని, ఆ గుర్తులు అందుకేనని తాతగారు చెప్పారు. ఆయన గొంతులో కోపం లేదు. కప్పు కారుతుంది, గోడలు చెమ్మ, మనుషులు ఉండలేరు, నిజమే అన్నారు. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మేం ఆటలకు వెళ్లలేదు. వరండా జాలీలో ఎన్ని కన్నాలు, మెట్లు ఎన్ని, గూడు ఎక్కడ, అన్నీ గీసుకున్నాం.

పాత భవనాలన్నిటికీ ఒకే గతి పట్టదు. మా ఊరి హిజ్లీలోనే చూడొచ్చు. 1930లో స్వాతంత్ర్య యోధులను అక్కడ నిర్బంధించారు. 1931 సెప్టెంబరు 16న పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు ఖైదీలు చనిపోయారు. 1951లో దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ఆ భవనంలోనే మొదలైంది. ఇప్పుడు అందులో సైన్సు మ్యూజియం ఉంది. ఆ భవనానికి కొత్త పని దొరికింది. మూడో నంబరు ఇంటికి దొరకలేదు. దాని గురించి ఏ పుస్తకంలోనూ ఉండదు కాబట్టి మా గీతలే దానికి మిగిలే లెక్క అనిపించింది.

నమూనా కట్టడానికి డబ్బు పెద్దగా కాలేదు. గోడలకు పాత శుభలేఖల అట్ట, స్తంభాలకు అగరుబత్తి పుల్లలు, పెంకులకు అట్టపెట్టె లోపలి గరుకు కాగితం, పట్టాల కింద కంకరకు వాడేసి ఎండబెట్టిన టీ పొడి. అన్నీ అయ్యాక ఒక సంగతి గమనించాం. ప్రపంచానికి తెలిసిన ప్లాట్‌ఫారాన్ని ముక్క చేయాల్సి వచ్చింది. వర్క్‌షాపుకు ఒక గోడ, ఒక గేటు మాత్రమే పట్టాయి. నూట ఇరవై అడుగుల క్వార్టర్ల వరస ఒక్కటే 42 సెంటీమీటర్లతో, ఒక్క ఇటుక తగ్గకుండా, పూర్తిగా పట్టింది.

ప్రదర్శన నాటికి అసలు వరస నేలమట్టమైంది. తాతగారు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. రైలు తిరుగుతుంటే అందరూ దాన్నే చూస్తున్నారు. ఆయన మాత్రం కళ్లజోడు సర్దుకుని ఇళ్లు లెక్కపెట్టుకున్నారు. "మూడో నంబరు ఇదే కదూ?" అని మనవరాలికి వేలుతో చూపించారు. కాసేపయ్యాక, "కుళాయి ఇక్కడ ఉండేది బాబూ, మెట్ల పక్కన. నీళ్ల కోసం కొట్టుకునేవాళ్లం" అన్నారు. ఆ సాయంత్రమే గుండుసూది వంచి కుళాయి పెట్టాం.

ఏప్రిల్‌లో మాలో ఇద్దరికి బదిలీ అయింది. మాకది అలవాటే. కానీ ఎప్పుడూ సామానుతో పాటు స్టీలు డబ్బాలు, దుప్పట్లు వెళ్తాయి. ఈసారి గీతల నకళ్లు కూడా చుట్టలు చుట్టుకుని వెళ్లాయి. అసలు కాగితాలు బడి లైబ్రరీలో ఉన్నాయి. "మీదే ఊరు" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు మా జాబితాలో ఖరగ్‌పూర్ దగ్గర కాసేపు ఆగి, ఆ ఊరి గోడలకు ఎన్ని వరసల ఇటుకలో కూడా చెప్పగలం.

హైదరాబాదు వెళ్లిన స్నేహితురాలు మొన్న ఉత్తరం రాసింది. వాళ్ల ఇంటికి కాచిగూడ స్టేషన్ దగ్గరట. నిజాం కాలంలో 1916లో కట్టిన స్టేషన్ అది, గుమ్మటాలతో, మినార్లతో రాజభవనంలా ఉంటుంది. "పూత వల్ల ఇటుకలు కనిపించడం లేదు, ఎత్తు ఎలా తెలుసుకోవాలి?" అని అడిగింది. మెట్లు లెక్కపెట్టమనీ, ఎండలో నీడ కొలవమనీ రాశాం.

ఈ పత్రిక చదువుతున్న మీలో చాలామంది కూడా వచ్చే వేసవికి ఎక్కడ ఉంటారో మీకే తెలియదు. ఇప్పుడున్న ఊళ్లో ఒక పాత గోడ చూసుకోండి. టేపు, పెన్సిలు, నోటు పుస్తకం చాలు. అనుమతి అడిగి, పెద్దవాళ్లను తోడు తీసుకుని వెళ్లండి. సైకిలు ఆపి ఎవరైనా తాతగారు పలకరిస్తే టేపు పక్కన పెట్టి ముందు ఆయన మాట వినండి.