తెల్లని జాగిలం

రాజపాళయం కుక్కపిల్లను తెచ్చుకుందామన్న ఆలోచన మా ఇంట పుట్టి నాలుగు నెలలు కావస్తున్నది. కుక్క ఇంకా రాలేదు గాని, దాన్ని గురించి నేను సేకరించిన విషయాలతో ఒక నోటుపుస్తకం నిండింది. తెలుగు పండితుడు కుక్కను కొనబోతే ముందు నిఘంటువు తీస్తాడని మా శ్రీమతి ఎత్తిపొడుపు. అందులో అబద్ధమేమీ లేదు. శునకం, శ్వానం, సారమేయం అన్నీ సంస్కృతం ఇచ్చినవి. వేటకుక్కకు మన వాడుకలో ఉన్న చక్కని మాట జాగిలం. ఈనాడు అది పోలీసు జాగిలాల వార్తల్లో తప్ప పెద్దగా కనబడదు.

మా అవసరం వేట కాదు. సత్తెనపల్లి శివారున పత్తిచేల వైపు తిరిగిన ఇల్లు మాది. ఉండేది ఇద్దరమే. నా కుడిచెవి నాలుగైదేళ్లుగా సరిగా పనిచేయడం లేదు. ఎడమవైపుకు ఒత్తిగిల్లి పడుకున్నానంటే గేటు విరగ్గొట్టినా నాకు తెలియదు. రాత్రంతా ఆమె ఒక్కతే చెవులు రిక్కించుకొని ఉండవలసి వస్తున్నది. ఇంటికి మరొక జత చెవులు కావాలన్నదే అసలు సంగతి.

పెద్దకుక్క అనగానే జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, లేదా ఏదో మంచుదేశపు బొచ్చుకుక్క పేరు చెబుతారు. మా పల్నాటి ఎండను ఎరిగినవాడెవడూ బొచ్చుకుక్కను తెచ్చి ఆ పాపం మూటగట్టుకోడు. రెంటచింతల మా జిల్లాలోదే కదా! రాజపాళయం కుక్కది పొట్టి వెంట్రుక. మగది భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. లోతైన రొమ్ము, సన్నని నడుము, పొడవాటి కాళ్లు, గులాబీరంగు ముక్కు, ఒళ్లంతా పాలతెలుపు. 2005లో మన తపాలాశాఖ కుక్కజాతుల మీద నాలుగు బిళ్లలు వెలువరించినప్పుడు రామ్‌పూర్, ముధోల్ వేటకుక్కలతోను, హిమాలయపు గొర్రెల కుక్కతోను పాటు దీనికీ చోటిచ్చింది.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం తపాలాబిళ్ల కాదు, ఆ ఊరు. రాజపాళయం తమిళనాట విరుదునగరం జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉన్నది. శ్రీవిల్లిపుత్తూరు నుంచి బస్సులో అరగంట ప్రయాణం. ముప్పైయేళ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాడికి ఆ పేరు వినగానే రాయలవారి ఆముక్తమాల్యద తలపుకు రాకుండా ఎలా ఉంటుంది? రాజపాళయంలోని రాజులు విజయనగరపు కాలపు వలసల్లో దక్షిణానికి తరలిపోయినవారు. నేటికీ ఇంట్లో వారి మాట తెలుగే. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. అక్కడి పాళయమూ మన గుంటూరు సీమలో అడుగడుగునా ఉన్న పాలెమూ ఒకటే మాట. దండు విడిసిన చోటు అని అర్థం.

మదుర నాయకుల ఏలుబడిలో ఆ దేశమంతా పాళెగాళ్ల చేతిలో ఉండేది. అడవిపందుల వేటకూ కోటల కాపలాకూ వారు పెంచిన జాగిలాల సంతతే ఇది. ఇంగ్లీషువాళ్లు కూడా దీన్ని పాళెగాళ్ల కుక్క అనే పిలిచారు. 1801 నాటికి పాళెగాళ్ల తిరుగుబాట్లు అణగిపోయాయి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేటా పోయింది. పని పోయిన కుక్కను పోషించే ఇళ్లు ఎన్ని మిగులుతాయి? కొన్ని కుటుంబాల పట్టుదలా, ఆపైన తమిళనాడు పశుసంవర్ధకశాఖ సైదాపేటలో నడిపిన పెంపకకేంద్రమూ లేకపోతే ఇది తపాలాబిళ్ల మీదే మిగిలేదేమో. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దేశవాళీ కుక్కలను మెచ్చుకుంటూ దీని పేరూ చెప్పారు.

మన జోనంగి ఉండగా అరవదేశానికి పోవడమెందుకని ఒక మిత్రుడు నిలదీశాడు. కొల్లేటి సీమలో బాతుల మందలను కాచిన కుక్క అది, చురుకైనది, తెలివైనది. కానీ అరవదు! విచిత్రంగా కూతపెడుతుంది. నా కుడిచెవికి ఆ కూత చేరుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఇక నా నోటుపుస్తకంలో సగం పేజీలు మింగిన విషయం ఆ తెలుపే. రాజపాళయం పిల్లల్లో పుట్టుచెవుడు ఉన్నదని చదివి మొదట నమ్మలేదు. కారణం తెలిశాక ఆశ్చర్యపోయాను. చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలోనూ ఉండాలట. అక్కడ వాటి పని రంగు వేయడం కాదు, చెవిలోని ద్రవంలో లవణాల పాళ్లు చెడకుండా చూడడం. ఒంటిమీద మచ్చయినా లేని తెల్లకుక్కల్లో కొన్నిటికి ఆ కణాలు చెవిలోకీ చేరవు. అప్పుడు పుట్టిన కొద్ది వారాలకే శబ్దాన్ని పట్టే సన్నని కణాలు చచ్చిపోతాయి. డాల్మేషియన్ కుక్కలకూ ఇదే బాధ. అంటే ఏ అందం కోసం కొనేవాళ్లు ఎగబడుతున్నారో, ఆ అందంలోనే చెవుడు పొంచి ఉన్నదన్నమాట.

కుక్కలకూ లక్షణగ్రంథాలుంటాయి. కెన్నెల్ క్లబ్బువారు ఎత్తు, ముక్కు, తోక, రంగు ఇలా ఉండాలని సూత్రీకరించి పెడతారు. లాక్షణికుడు కవి వెనకాల నడవాలి గాని ముందు నడవకూడదని నేను తరగతిలో చెబుతూ వచ్చాను. ఇక్కడ లక్షణమే ముందు నడిచింది. గోధుమవన్నె మచ్చలతో పుట్టిన పిల్లలను పనికిరానివని ఏరివేస్తూ, తెల్లవాటినే తెల్లవాటితో కలుపుతూ పోయారు. వినడం కాపలాకుక్కకు ప్రాణం. సూత్రం రాసినవాళ్లు ముక్కురంగు మీద పెట్టిన శ్రద్ధ దాని మీద పెట్టలేదని నా ఫిర్యాదు.

రాజపాళయంలో ఒక పెద్దమనిషితో ఫోన్లో మాట్లాడాను. తెలుగులోనే మాట్లాడారు, వాక్యం చివర కొంచెం తమిళపు సాగదీతతో. చెవిమీద మచ్చ ఉన్న పిల్ల దొరుకుతుందా అని అడిగితే, "మచ్చ ఉన్నదానికి విలువ లేదు గదండీ, మీరు ఏరికోరి అడుగుతున్నారేం?" అని నవ్వారు. కారణం చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "మా నాయన కూడా చెవి చూసే ఉంచుకునేవారు" అన్నారు.

ఈ సంగతి ఇంట్లో చెబితే ఆమె, "ఇప్పటికే ఒకరికి ప్రతిదీ రెండుసార్లు చెబుతున్నాను, రెండోవారు నాకు వద్దండీ" అన్నది. నవ్వుకున్నాం. వంటింట్లోకి వెళ్లినట్టే వెళ్లి మళ్లీ వచ్చి, "మరి ఆ వినబడని పిల్లలను ఏం చేస్తారు?" అని అడిగింది. చేతిసైగలతో నేర్పితే చెవిటికుక్క కూడా చక్కగా బతుకుతుందని పుస్తకాలు చెబుతున్నాయి. అంత ఓపికగలవాళ్లు ఎంతమంది ఉంటారన్నది పుస్తకాల్లో లేదు. నేను మాట మార్చాను.

తక్కిన లెక్కలు కూడా చూసుకోవాలి. ఇది పరుగు కోసం పుట్టిన జంతువు. గొలుసుకు కట్టి ఉంచితే తిక్క పడుతుంది. ఇంట్లో ఒకరిద్దరికే మాలిమి అవుతుంది, కొత్తవారిని దగ్గరికి రానీయదు. పరుగెత్తే ప్రాణి కనబడితే వెంటపడుతుంది. పత్తి తీత అయ్యాక మా చేలలోకి గొర్రెలమందలు దిగుతాయి. కాపరి ముందు నేను దోషిగా నిలబడే రోజు రాకూడదంటే ప్రహరీ మరో రెండడుగులు లేవాలి. మేస్త్రీని పిలిచాను. కుక్క ఆయుష్షు పదేళ్ల పైమాటే. నా వయస్సును దానికి కలిపి చూసుకొని, మా తమ్ముడి కొడుకును అడిగాను. "నేనున్నాగా పెదనాన్నా" అన్నాడు.

ఆ పెద్దమనిషి ఇంట ఆరు పిల్లలు పుట్టాయి. రెండింటికి చెవుల మీద లేత గోధుమవన్నె మచ్చలున్నాయట. మచ్చ ఉన్నంత మాత్రాన వింటుందని భరోసా లేదు. అవకాశం ఎక్కువ, అంతే. ఏడోవారం దాటనిచ్చి నేనే వెళ్తాను. ఒక్కొక్క పిల్లను వేరుచేసి, నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి చప్పుడు చేసి చూడాలి. తోబుట్టువులు పక్కన ఉంటే వాటిని చూసి చెవిటిది కూడా లేచి కూర్చుంటుంది. అడుగుల అదురూ గాలీ తగలకూడదు. ఒక్కచెవి మాత్రమే పనిచేసే పిల్ల ఈ పరీక్షకు దొరకదు. దాన్ని పట్టాలంటే మెదడుకు చేరే సంకేతాలను కొలిచే యంత్రం కావాలి.

ఒంటిచెవిదే వస్తే రానీండి, నాకు తోడు అంటున్నది ఆమె. స్టీలు పళ్లెమూ గరిటా సంచిలో అప్పుడే సర్దిపెట్టింది.