వేళాకోళంలో స్నేహం

మారుపేరుతో పిలవడం ఎగతాళి కావచ్చు, ఆప్యాయతా కావచ్చు. అది పిలిచేవారి మనసును బట్టి ఉంటుంది.

అమెరికా సైనిక దళాలలో ఈ వేడుక చాలాకాలంగా ఉన్నది. అక్కడి మెరైన్ దళంవారికి ‘లెదర్‌నెక్’, అనగా ‘తోలుమెడ’ అని పేరు. 1798 నుండి 1872 వరకు వారి దుస్తులలో మెడకు బిగుతైన తోలుపట్టీ ఉండేది. పట్టీ పోయినా పేరు పోలేదు. మెరైన్లు నావికులను ‘స్క్విడ్’ అనే సముద్రజీవి పేరుతో ఆటపట్టిస్తారు. నావికులూ ఊరుకోరు, మాటకు మాట అప్పజెబుతారు.

అక్కడి సైనిక, నౌకా విద్యాలయాల జట్లు 1890లో మొదటిసారి అమెరికా తరహా ఫుట్‌బాల్‌లో తలపడ్డాయి. ఆ పోటీ నేటికీ సాగుతున్నది. సైనిక జట్టుకు కంచరగాడిద, నౌకా జట్టుకు మేక గుర్తులు. 1953లో సైనిక విద్యార్థులు ఆ మేకనే ఎత్తుకుపోయారు! పై అధికారుల ఆజ్ఞతో తిరిగి అప్పగించారు.

అయితే వెక్కిరింతలన్నీ ఆట ముగిసేవరకే. తరువాత రెండు జట్లూ కలిసి నిలబడి, ముందుగా ఓడినవారి విద్యాలయ గీతాన్ని, ఆపైన గెలిచినవారి గీతాన్ని గౌరవంతో ఆలపిస్తాయి. రేపు యుద్ధరంగంలో ఒకరి ప్రాణాలకు ఒకరు అండగా నిలవవలసినవారు వారే. ఆ నమ్మకం ఉన్నందువల్లనే ఆ పేర్లు గుచ్చుకోవు.

తోటివారికి నవ్వులపేరు పెట్టేముందు, ఆపదలో వారి పక్కన నిలబడగలమా అని ఆలోచించుకోవాలి.