బ్లాక్ ట్యాంకుతో గ్రాండ్ కేన్యన్ దాకా

లాస్ వేగాస్‌లో మోటర్‌హోమ్ అద్దెకిచ్చే చోట, తాళాలు చేతికిచ్చే ముందు బండి చుట్టూ తిప్పి అన్నీ చూపిస్తారు. గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, జనరేటర్, రాత్రికి మంచమయ్యే సోఫా చకచకా అయిపోయాయి. చివర్లో అక్కడి ఉద్యోగి డ్రైవర్ వైపు వెనక చక్రం పక్కన వంగి చిన్న తలుపొకటి తీశాడు. లోపల రెండు పిడులు, ఒకటి నలుపు, ఒకటి బూడిదరంగు. వాటి కింద మూడంగుళాల గొట్టం, దానికో మూత. మిగతావన్నీ చూపించడానికి పట్టినంతసేపు ఆ రెండు పిడుల దగ్గరే పట్టింది. ముందు నలుపు, తర్వాత బూడిద. ఆ వరస మా నోటితో చెప్పించుకునిగానీ ఆయన లేవలేదు.

బండిలో అక్క, బావ, వాళ్ల పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మ, నేను. వేగాస్ నుంచి యూటాలోని జయన్ నేషనల్ పార్కు, అక్కణ్ణుంచి బ్రైస్ కేన్యన్, అరిజోనాలో పేజ్ ఊరు, చివరికి గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్. అమెరికాలోని తెలుగువాళ్లలో చాలామంది ఈ చుట్టు కార్లో తిరిగి హోటళ్లలో దిగుతారు. అమ్మ మోకాళ్లకీ, మన వంటకీ, పిల్లల నిద్రకీ ఇల్లు వెంట ఉంటేనే నయమనిపించి ఈ మోటర్‌హోమ్, అంటే ఆర్‌వీ, తీసుకున్నాం. ఇల్లు వెంట వస్తే దాని మరుగుదొడ్డి కూడా వెంట వస్తుంది.

మోటర్‌హోమ్ నేల కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది. సింకులోనూ షవర్లోనూ వాడిన నీళ్లు పోయేది గ్రే ట్యాంకు. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. కుటుంబాలు అద్దెకు తీసుకునే బండ్లలో ఇది సాధారణంగా 30 నుంచి 40 గ్యాలన్లు, అంటే దాదాపు 115 నుంచి 150 లీటర్లు పడుతుంది. టాయిలెట్ బేసిన్ అడుగున ఒక పలక ఉంటుంది. పెడల్ తొక్కితే అది తెరుచుకుని అంతా తిన్నగా ట్యాంకులోకి జారుతుంది. ఇళ్లలో ఉండే వంపు గొట్టం ఇక్కడ ఉండదు. పలక మీద ఎప్పుడూ నిలిచి ఉండే కాసిని నీళ్లే వాసనకు అడ్డు. ట్యాంకులోంచి బండి పైకప్పు దాకా ఒక గాలి గొట్టం కూడా పోతుంది.

ఈ అమరిక తెలిస్తే వాసన గొడవ సగం తీరినట్టే. బాత్రూమ్ పైకప్పులోని ఫ్యాన్ తిరుగుతుండగా పెడల్ తొక్కకూడదు. ఫ్యాన్ గదిలోని గాలిని బయటికి లాగేస్తుంటే, దాని స్థానంలోకి ట్యాంకులోని గాలి ఎగదన్నుకుని వస్తుంది. ఫ్యాన్ ఆపి, పెడల్ తొక్కి, పలక మూసుకున్నాక మళ్లీ ఫ్యాన్ వేసుకోవాలి. పిల్లలు దీన్ని పెద్దవాళ్లకంటే ముందే ఒంటబట్టించుకున్నారు.

అమ్మకు మాత్రం వేరే సందేహం వచ్చింది. "ఇంతకీ ఇదంతా ఎక్కడికి పోతుంది నాన్నా?"

"మన కిందే ఉంటుందమ్మా."

"మరి తీసేదెవరు?"

"మనమే, అత్తయ్యగారూ" అన్నాడు బావ, స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా.

జయన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ వర్జిన్ నది పక్కనే ఉంది. ఎర్ర ఇసుకరాతి కొండలు నిలువునా లేచి ఉంటే, వాటి నీడలో బండ్లు వరసగా ఆగి ఉంటాయి. ఇక్కడ బండికి కరెంటు ఇస్తారుగానీ మురుగు కనెక్షన్ ఇవ్వరు. క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉన్న డంప్ స్టేషన్‌కు వెళ్లి ఖాళీ చేసుకోవాలి. డంప్ స్టేషనంటే సిమెంటు గచ్చు, మధ్యలో మూతపెట్టిన కన్నం, పక్కన కుళాయి. కడగడానికి వాడే కుళాయి దగ్గర ఈ నీళ్లు తాగొద్దని బోర్డు ఉంటుంది. అక్కడి గొట్టాన్ని మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి రానివ్వకూడదు. తాగే నీళ్ల గొట్టం వేరు, కడిగే గొట్టం వేరు, రెండూ దాచే అర కూడా వేరు.

పని మొదలయ్యేది చేతి తొడుగులతో. గొట్టం మూత తీసేముందు రెండు వాల్వులూ మూసి ఉన్నాయో లేదో చూడాలి. మురుగు పైపును కొక్కేలు పట్టేదాకా తిప్పి బిగించి, ఓసారి లాగి చూడాలి. రెండో కొస కన్నంలో పెట్టి, అది ఎగిరిపడకుండా ఏదైనా బరువు ఆనించాలి. అప్పుడు నల్ల పిడి లాగాలి.

పైపు ఒక్కసారిగా బిగుసుకుని కదిలింది. బండి దగ్గర పైపుకు పారదర్శకమైన మోచేతి గొట్టం ఒకటి ఉంటుంది. ఈ పనికి కళ్లు అదే. మొదట చిక్కటి గోధుమరంగు, కాసేపటికి పలచబడి, ఆఖర్న మెల్లగా కారే మురికి నీళ్లు. అక్కడితో అయిపోయిందని నల్ల వాల్వు మూసేయకూడదు. టాయిలెట్లోంచి బకెట్లతో నీళ్లు పోసి మళ్లీ వదలాలి. మోచేతి గొట్టంలో నీళ్లు తేటపడేదాకా అలా పోస్తూనే ఉండాలి. తర్వాత నల్లది మూసి బూడిదరంగు పిడి లాగితే, స్నానాల సబ్బు నీళ్లు వచ్చి పైపును లోపలంతా కడిగేస్తాయి. వరస గురించి ఆ ఉద్యోగి అంత పట్టుబట్టింది ఇందుకే. ఇది తిరగబడితే పైపును కడగడానికి నీళ్లు మిగలవు.

కొన్ని బండ్లకు ట్యాంకును లోపల్నుంచి చిమ్మి కడిగే ఏర్పాటు ఉంటుంది. దాని గొట్టం తగిలించినంతసేపూ నల్ల వాల్వు తెరిచే ఉంచాలి, మనిషి పక్కనే ఉండాలి. వాల్వు మూసి నీళ్లు వదిలి మరోపనిలో పడితే ట్యాంకు నిండి, ఆ మురుగు టాయిలెట్లోంచో గాలి గొట్టంలోంచో పైకి తన్నుకొస్తుంది.

బయల్దేరే ముందు ఖాళీ ట్యాంకులో కొన్ని లీటర్ల నీళ్లు పోసి మందు వేయాలి. పాతకాలపు మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉండేది. అది వాసనను అణిచేది, దాంతోపాటు సూక్ష్మజీవుల్నీ చంపేది. చాలా క్యాంప్‌గ్రౌండ్ల సెప్టిక్ ట్యాంకులు పనిచేసేది ఆ సూక్ష్మజీవుల మీదే. అందుకే ఎంజైములు, మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న మందులు వాడమని ఇప్పుడు చెబుతున్నారు. అయితే ఏ మందుకన్నా ముందు కావలసింది నీళ్లు. పొదుపు పేరుతో చెంచాడు నీళ్లతో ఫ్లష్ చేస్తే కాగితమూ మలమూ అడుగున గట్టిపడిపోతాయి. నీళ్లతో కడుక్కునే మన అలవాటు ట్యాంకుకు మంచిదే. కాగితం తగ్గుతుంది, నీళ్లు పెరుగుతాయి. ట్యాంకు మాత్రం తొందరగా నిండుతుంది, ఆ లెక్క ముందే వేసుకోవాలి. కాగితం వాడేవాళ్లకు అక్క ఒక పరీక్ష చూపించింది. సీసాలో నీళ్లు పోసి, ఒక ముక్క వేసి, మూతపెట్టి ఊపింది. పీలికలై విడిపోతే ఆ కాగితం ట్యాంకుకు పనికొస్తుంది. అలాగే ముక్కగా ఉండిపోతే పనికిరాదు. తడి వైప్స్ ఏ రకమైనా చెత్తబుట్టలోకే.

మన వంటతో గ్రే ట్యాంకుకు మరో చిక్కుంది. తిరగమోత నూనె, వేపుడు మూకుడులోని జిడ్డు, పప్పుచారు అడుగు అన్నీ సింకులోకి పోతే, అవి ట్యాంకు గోడలకు అంటుకుని కుళ్లుతాయి. అప్పుడు గ్రే ట్యాంకు వాసన బ్లాక్ ట్యాంకుకు ఏమాత్రం తీసిపోదు. అంట్లు తోమేముందు ప్రతి గిన్నెనూ కాగితంతో తుడవడం అమ్మ పని. అది ఆవిడే అడిగి తీసుకుంది.

బ్రైస్ కేన్యన్ సుమారు 8,000 అడుగుల ఎత్తున ఉంది. పార్కులోని క్యాంప్‌గ్రౌండ్‌లలో కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు ఏవీ లేవు. తెచ్చుకున్నదే వాడుకోవాలి, వాడినది మోసుకెళ్లాలి. అక్కడ గోడ మీది ప్యానెల్ తికమక పెట్టింది. ఖాళీ చేసి వచ్చిన ట్యాంకుకు మూడింట రెండొంతుల లైటు వెలుగుతోంది. ట్యాంకు గోడలో వేర్వేరు ఎత్తుల్లో లోహపు మొనలుంటాయి. వాటికి తడి తగిలితే కరెంటు పారి లైటు వెలుగుతుంది. ఏ కాగితం ముక్కో మొనకు అంటుకుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండుగానే కనిపిస్తుంది. దీనికి మంచుగడ్డలు పోసి బండి నడపమనే చిట్కా ఆర్‌వీ జనంలో బాగా తిరుగుతుంది. కానీ మంచు నీళ్ల మీద తేలుతుంది, అడుగును ఎలా తోముతుంది? ట్యాంకులో సగానికి నీళ్లూ కాస్త డిటర్జెంటూ పోసి ప్రయాణం పెట్టుకోవడం మేలు. కనాబ్ మీదుగా పేజ్ దాకా ఉన్న మలుపులూ కుదుపులూ ఆ పని చేశాయి. పేజ్‌లో ఖాళీ చేశాక లైటు ఆరింది.

పేజ్ ఊరు పుట్టిందే గ్లెన్ కేన్యన్ డ్యామ్ కోసం. 1963లో ఆ డ్యామ్ కొలరాడో నదిని ఆపడం మొదలుపెట్టాక ఏర్పడిన జలాశయమే లేక్ పావెల్. ఇక్కడి క్యాంప్‌గ్రౌండ్‌లో ప్రతి బండికీ మురుగు కనెక్షన్ ఉంది. కష్టం తీరిందనుకుని చాలామంది పైపు తగిలించి నల్ల వాల్వు తెరిచి వదిలేస్తారు. ఏడాది పొడవునా బండిలోనే కాపురముండే పక్క సైటు పెద్దాయన దాని ఫలితం వివరించారు. నీళ్లు ఎప్పటికప్పుడు జారిపోతాయి, గట్టి పదార్థం మాత్రం టాయిలెట్ కింద కుప్పపడి ఎండి రాయిలా అవుతుంది. తర్వాత ఎంత నీళ్లు పోసినా కరగదు. ఆయన వాల్వు మూసే ఉంచుతారు. ట్యాంకు మూడింట రెండొంతులు నిండాకే, ఒక్క ఊపున వదులుతారు. ఆ జోరే అడుగును కడిగేది.

లేక్ పావెల్ మీద తిరిగే హౌస్‌బోట్లకూ ఇలాంటి ట్యాంకులే ఉంటాయి. వాటిని ఖాళీ చేసుకోవడానికి నీటి మీద తేలే స్టేషన్లున్నాయి. ఇంకా దిగువన, గ్రాండ్ కేన్యన్‌లో తెప్పల మీద రోజుల తరబడి వెళ్లేవాళ్లు తమ మలాన్ని గట్టి మూతల డబ్బాల్లో పెట్టుకుని యాత్ర పొడవునా మోసుకెళ్లాలి, ఒడ్డున పాతిపెట్టడానికి వీల్లేదు. లాస్ వేగాస్, ఫీనిక్స్, లాస్ ఏంజలస్ సహా దాదాపు 4 కోట్ల మంది ఈ కొలరాడో నది నీళ్ల మీద ఆధారపడ్డారు. ఎడారిలో ఎవరు ఎక్కడ ఏం వదిలినా అది దిగువన ఒకరి గ్లాసు దాకా చేరగలదు.

సౌత్ రిమ్ సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అంచు దగ్గర నిలబడితే నది ఎక్కడో పాతాళంలో సన్నటి గీత. ఇంత ఎత్తుకు నీళ్లెలా వస్తాయి? ఆవలి గట్టు కిందున్న రోరింగ్ స్ప్రింగ్స్ ఊట నుంచి, 1960లలో లోయ గుండా వేసిన సుమారు 20 కిలోమీటర్ల పైపు ద్వారా. ఆ పైపు తరచూ పగులుతుంది, మరమ్మతులు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. అంత కష్టపడి ఎక్కించిన నీళ్లను ఒక్కసారి వాడి పారబోయడం ఇక్కడివాళ్లకు మొదట్నుంచీ కుదరలేదు. గ్రాండ్ కేన్యన్ విలేజ్‌లో మురుగునీటిని శుద్ధిచేసి మళ్లీ టాయిలెట్లకూ పచ్చికకూ వాడటం 1926లోనే మొదలైంది. అమెరికాలో అలాంటి తొలి ఏర్పాట్లలో అదొకటి.

ఇది విన్న రాత్రి అమ్మ తన చిన్నతనం సంగతి ఒకటి చెప్పింది. ఇంటి వెనక సందులోంచి రోజూ పొద్దున్నే మరుగుదొడ్డిలోని మలం ఎత్తడానికి ఒకావిడ తట్టతో వచ్చేదట. "ఆవిడ పేరేమిటో మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు" అంది. బెజవాడ విల్సన్ ఆ పనిలో మగ్గిన కుటుంబంలోనే, 1966లో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టారు. వాళ్లది తెలుగు మాట్లాడే కుటుంబం. ఆ పనిని రూపుమాపడానికి సఫాయి కర్మచారీ ఆందోళన్ నడిపి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో పాత చట్టం స్థానంలో మరింత గట్టి చట్టం వచ్చింది. అయినా సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపుతున్నారు, విషవాయువులు కమ్మి వాళ్లు చనిపోతూనే ఉన్నారు. మార్పు లేదని కాదు. వరంగల్ నగరపాలక సంస్థ 2016లో సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాల సేకరణకూ శుద్ధికీ నియమాలు తెచ్చింది, శుద్ధి కేంద్రమూ పెట్టింది. ఆ ట్యాంకులోకి మనిషి దిగాల్సిన అవసరమే లేకుండా చేయడం సాధ్యమేనని ప్రతి డంప్ స్టేషనూ చూపిస్తోంది. కావలసినవి మూడంగుళాల గొట్టం, తొడుగులు, నీళ్లు, ఎవరిది వాళ్లే కడుక్కోవాలన్న ఒప్పుదల.

మర్నాడు సౌత్ రిమ్ డంప్ స్టేషన్‌లో అమ్మ కూడా బండి దిగింది. తొడుగులు తనకూ కావాలంది. బావ వారించబోయి ఊరుకున్నాడు. నల్ల పిడి ఆయన లాగాడు, అది మూశాక బూడిదరంగు పిడి అమ్మ లాగింది. సబ్బు నీళ్లు మోచేతి గొట్టంలోంచి పారుతుంటే పిల్లలకు చూపిస్తూ అక్కడే నిలబడింది.

వేగాస్ తిరిగొచ్చాక ఆఖరి డంపు. ఆ నగరం తాగే నీళ్లు చాలావరకు లేక్ మీడ్ జలాశయంవి. ఇళ్లలో, హోటళ్లలో మురుగు కాలువల్లోకి పోయే నీళ్లను దాదాపు పూర్తిగా శుద్ధిచేసి తిరిగి ఆ జలాశయంలోకే వదులుతారు. ట్యాంకును తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, తర్వాత అద్దెకు తీసుకునేవాళ్ల కోసం కాసిని నీళ్లూ మందూ వేసి, పైపును బండి వైపు నుంచి పైకెత్తుతూ చివరి చుక్క దాకా వంపేసి బండి అప్పగించాం.

బావ ఇప్పుడు చలికాలం ప్రయాణం లెక్కలు వేస్తున్నాడు. అరిజోనాలో క్వార్ట్‌సైట్ ఊరి పక్క లా పోసా ఎడారి ప్రభుత్వ భూమి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఆర్‌వీలు అక్కడ దీర్ఘకాలం ఆగొచ్చు. సైటు దగ్గర కరెంటు గానీ కుళాయి గానీ ఉండదు, డంప్ స్టేషన్‌కు మాత్రం బండి వేసుకుని వెళ్లి రావచ్చు. ఆరుగురికి 40 గ్యాలన్ల బ్లాక్ ట్యాంకు ఎన్నాళ్లకు నిండుతుందో అమ్మ చెంబు లెక్కతో సహా కాగితం మీద వేసి పెట్టాడు.