మా కాలనీలో ఒక ఐటెం పాట

మా ఊరికి తెలుగు ఎప్పుడూ రైల్లోనే వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా వచ్చినవాళ్ల మనవలం మేము. మథురాకాటి, నీంపురా, ట్రాఫిక్, న్యూ సెటిల్‌మెంట్... ఈ పేర్లు ఆంధ్రలో ఎవరికీ పట్టవు గానీ, సాయంత్రం పూట ఆ క్వార్టర్ల మధ్య నడిస్తే ఉత్తరాంధ్ర యాస ఇప్పటికీ చెవిన పడుతుంది. పచ్చళ్లు, పంచాంగాలు, వారపత్రికలు, ఆ తర్వాత క్యాసెట్లు అన్నీ మద్రాసు మెయిల్లోనో, సెలవుకెళ్లినవాళ్లు తిరిగొస్తే వాళ్ల సంచుల్లోనో వచ్చేవి. 2021 డిసెంబర్లో వచ్చిన తెలుగు మాత్రం రైలెక్కలేదు. ఫోన్లలో వచ్చింది. అదీ బెంగాలీ కుర్రాళ్ల ఫోన్లలో.

'ఊ అంటావా ఊఊ అంటావా' సంగతే చెబుతున్నాను. సుకుమార్ తీసిన 'పుష్ప' ఆ ఏడాది డిసెంబర్ 17న విడుదలైంది. పాట వారం ముందే బయటికొచ్చింది. చంద్రబోస్ రాశారు, దేవిశ్రీప్రసాద్ బాణీ కట్టారు, సమంత నర్తించారు. పాడింది ఇంద్రావతి చౌహాన్, జానపద గాయని మంగ్లీకి చెల్లెలు. హిందీలో కనికా కపూర్, తమిళంలో ఆండ్రియా పాడారు. గోల్‌బజార్లో చేపలమ్మే కుర్రాడు నన్ను చూసి "దీదీ, మీ భాషేగా" అని అడిగి మరీ 'ఊఊ' అన్నాడు. వందేళ్లకు పైగా ఇక్కడ ఉన్నాం. మా భాషలోని ఒక మాట ఊరందరి నోటికీ ఎక్కడం ఇదే మొదలు. అది మాట కూడా కాదు, మూలుగు. నాకు సంతోషమే కలిగింది.

పాటలో ఏముందో అప్పటికి తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆడది చీర కట్టినా గౌను వేసినా, తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా, పొడుగైనా పొట్టైనా మగవాడి చూపు ఒకటేననీ, చివరికి పెద్దమనుషులు కూడా చీకట్లో వేరేం కాదనీ దాని సారాంశం. ఐటెం పాటకి ఉండాల్సిన జోరు ఇందులో లేదు. గొంతు పైకి లేవదు, కింది స్థాయిలోనే ఉండి బెదిరించినట్టూ బుజ్జగించినట్టూ పలుకుతుంది. అలాంటి పాటలో ఆడమనిషి సాధారణంగా తనని తాను వడ్డించుకుంటుంది. ఇక్కడ తింటున్నవాళ్ల విస్తళ్ల వైపు వేలు చూపించింది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ల సంఘం ఒకటి మనోభావాలు దెబ్బతిన్నాయంటూ కేసు వేసింది. విచిత్రమేమిటంటే వాళ్ల అభ్యంతరమంతా మాటల మీదే. పాట దేన్నైతే నిలదీస్తోందో కెమెరా నాలుగు నిమిషాలూ అదే పని చేసింది. నడుము దగ్గర ఆగింది, కింద నుంచి పైకి పాకింది. దాని మీద ఆ సంఘం ఫిర్యాదు చేసినట్టు నేనెక్కడా చదవలేదు. చూస్తే ఫరవాలేదు, చూస్తున్నారని అంటేనే తప్పన్నమాట.

ఈ పాటను స్త్రీవాద గీతమని ఎత్తుకున్నవాళ్లతో కూడా నేను పూర్తిగా ఏకీభవించను. రాసింది మగవాడు, బాణీ కట్టింది మగవాడు, తీసింది మగవాడు. టికెట్లు తెగేది ఎందుకో ముగ్గురికీ తెలుసు. అయినా విడిపోయిన కొద్దిరోజులకే ఐటెం పాటేమిటి, ఇంట్లో కూర్చోమని తనవాళ్లే చెప్పారని సమంత 2023లో బయటపెట్టినప్పుడు, ఆ పాటలో ఆవిడ వాటా ఎంతో నాకు కొంచెం అర్థమైంది.

అసలు గొంతుకు శీలపరీక్ష పెట్టడం మనకి కొత్త కాదు. మా చిన్నప్పుడు కాలనీ మైకుల్లో సుశీల గారి గొంతు వస్తే కథానాయిక, ఎల్.ఆర్.ఈశ్వరి గొంతు వస్తే క్లబ్బు. 'ప్రేమ్‌నగర్' (1971)లో 'లే లేలే నా రాజా' పెడితే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి కిటికీ మూసేది, అదేదో కిటికీలోంచి కనిపిస్తున్నట్టు! అదే ఈశ్వరి తమిళంలో పాడిన అమ్మవారి పాటలు మాతా పూజ రోజుల్లో పొద్దున్నుంచీ మోగేవి. మా వీధి తమిళ కుటుంబాలు భక్తిగా వినేవి, భాష రాకపోయినా మా అమ్మా వినేది. ఆవిడ పుట్టు పేరు లూర్దు మేరీ రాజేశ్వరి. క్రైస్తవురాలిగా పుట్టి, క్లబ్బు పాటలతో పేరు తెచ్చుకుని, మారియమ్మను పిలిచిన గొంతు అది. గొంతు ఒకటే. కిటికీయే ఒకసారి మూసుకునేది, ఒకసారి తెరుచుకునేది.

బెంగాల్‌లో దీనికో పెద్ద మాట ఉండేది, అపసంస్కృతి. ఉషా ఉతుప్ 1969లో మద్రాసు నైట్‌క్లబ్బులో మొదలుపెట్టి, తర్వాత కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్‌లో పాడారు. నైట్‌క్లబ్బులో కంజీవరం చీర, నుదుట ఇంత బొట్టు, జడలో పూలు. బళ్లోనే ఈ గొంతు పాటకు పనికిరాదన్నారట. ఆ బొంగురు గొంతుతోనే ఆవిడ ఊరిని ఊపేశారు. 1983లో వామపక్ష ప్రభుత్వంలో పబ్లిక్ వర్క్స్ మంత్రిగా ఉన్న జతిన్ చక్రవర్తికి ఆ పాటలు అపసంస్కృతిగా తోచి, ప్రభుత్వ వేదికల మీద ఆవిడ పాడకుండా అడ్డుకున్నారు. ఆవిడ హైకోర్టుకెళ్లి గెలిచారు. ఒంటి నిండా చీర కట్టుకున్నా తప్పు పట్టారంటే అభ్యంతరం బట్టల మీద కాదని ఆ రోజే తేలిపోవాలి. చంద్రబోస్ 2021లో రాసిన చరణానికి సాక్ష్యం కలకత్తాలో ముప్ఫై ఎనిమిదేళ్ల ముందే ఉంది.

ఇక మా ఇంటి సంగతి. 2022లో, కరోనా వల్ల రెండేళ్లు ఆగిన ఉగాది కార్యక్రమం మళ్లీ పెడదామన్నారు. మా అన్నయ్య కూతురికి పందొమ్మిదేళ్లు, ఇక్కడే కాలేజీలో చదువుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. తెలుగు పాట ఏదైనా బెంగాలీ అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంటుంది. ఈ పాట కూడా అలాగే రాసుకుని, తెలియని మాటలకు గీత గీసుకుని నా దగ్గరికి తెచ్చింది. ఒక్కో మాటకీ అర్థం చెప్పాను. మొత్తం విన్నాక కాసేపు కాగితం వైపే చూసి, "అత్తా, ఇది మన ఫుట్‌బ్రిడ్జి గురించే కదా" అంది.

స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి తెలిసినవాళ్లకి ఆ మాట విప్పి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైనదని గొప్పగా చెప్పుకున్న ప్లాట్‌ఫారం మాది, 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. లైన్లకు అటు నుంచి ఇటు రావాలంటే ఆ మెట్లెక్కాలి. రద్దీ వేళ ఆడపిల్ల పుస్తకాలు గుండెలకు హత్తుకుని ఎక్కుతుంది. మా మేనత్త అలాగే ఎక్కింది, నేనూ అలాగే ఎక్కాను. మా మేనత్త చీరలో, నేను పంజాబీ డ్రెస్సులో, ఇది జీన్స్‌లో. ఒక్క తేడా ఉంది. మేము మెట్లు చూస్తూ ఎక్కాం. దానికి ఎదుటివాడి మొహం చూడటం వచ్చు.

అది ఆడదామనుకున్న డాన్సు కూడా అదే. సినిమాలో స్టెప్పులు ఒక్కటీ లేవు. సల్వార్ కమీజు, భుజాన కాలేజీ బ్యాగు, చేతిలో గొడుగు. వేదిక మీద నడుస్తూ ఉంటుంది, పల్లవి వచ్చినప్పుడల్లా ఆగి జనం వైపు తిరిగి చూస్తుంది. అంతే. మా డాబా మీద చూశాను. చూపు నా మీద ఆగినప్పుడు నాకే ఇబ్బందిగా కదలాలనిపించింది.

పాటల జాబితా పెద్దలకు చేరిన సాయంత్రమే కబురొచ్చింది. కమిటీలో ఒకాయన, వరసకు మావయ్య అవుతారు, స్వయంగా వచ్చారు. టీ తాగారు, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పారు, తర్వాత అసలు విషయానికొచ్చారు.

"ఇదేటి పాటమ్మా? బెంగాలీలు కూడా వస్తారు. మన పరువేం కావాలి?"

"పాట వాళ్లకే ముందు తెలుసు మావయ్యా. డాన్సు ఒకసారి చూడండి."

"చూడక్కర్లేదమ్మా. పాట అదే కదా."

దురుసుగా అనలేదు. ఆయన మంచివాడే, మా నాన్న పోయినప్పుడు పది రోజులు మా ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆయన బాధా నాకు తెలుసు. మనవలకు తెలుగు అక్షరాలు రావు. ఉన్న కాస్త తెలుగూ గౌరవంగా కనబడాలని, పోతన పద్యమో అన్నమయ్య కీర్తనో వినబడాలని ఆయన ఆశ. తీరా చూస్తే ఆ మనవలు నోరారా పలుకుతున్న తెలుగు ఇది. కానీ పరువు కాపాడే పని ప్రతిసారీ ఆడపిల్లకే అప్పజెప్పడం ఎందుకన్నది నా ప్రశ్న. పుష్పరాజు లాగా భుజం ఎగరేసి గడ్డం కింద చెయ్యి తిప్పుతూ ఆడతామన్న ముగ్గురు కుర్రాళ్లకి అదే కమిటీ అనుమతిచ్చింది. వాళ్లకి చప్పట్లూ బాగా పడ్డాయి. ఎర్రచందనం దుంగల దొంగతనం చేసేవాడి వేషానికి పోని పరువు, గొడుగు పట్టుకుని నడిచే పిల్ల వల్ల పోతుందన్నారు.

నా మేనకోడలు ఏడవలేదు, అలగలేదు. ఆ రోజు పచ్చడి గ్లాసులు అందించి, ఇంటికొచ్చి, "వాళ్లకి పాట అర్థమైంది అత్తా. అందుకే వద్దన్నారు" అంది. ఆ నెలాఖర్లో పక్కింటి బెంగాలీల పెళ్లిలో, సంగీత్ రోజున, ఆ డాన్సే ఆడింది. పెళ్లికూతురి అమ్మమ్మ బోలెడు మెచ్చుకుంది. ఆవిడకి ఒక్క ముక్క తెలుగు రాదు.

మరుసటి ఏడు నుంచి పాటల జాబితా నెల ముందే ఇవ్వాలని మా కమిటీ నియమం పెట్టింది. ఆ మొదటి జాబితా నేనూ చూశాను. అందులో నాలుగోది 'దేవుడు చేసిన మనుషులు' (1973)లో ఈశ్వరి పాడిన 'మసక మసక చీకటిలో'. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పాత పాట కదా అన్నారు.