ముందు టైరుకు ఖర్చు, వెనక టైరుకు పొదుపు

సైకిల్ తొక్కడం చవకైన సరదా అనుకునేవాళ్లు ఒక్కసారి మౌంటెన్ బైక్ టైరు ధర అడిగి చూడాలి. పేరున్న విదేశీ కంపెనీ ట్యూబ్‌లెస్ టైరు ఒక్కటే నాలుగు వేల దాకా పలుకుతుంది. ఎండకో జత, వానకో జత, మధ్యస్థంగా ఇంకో జత అనుకుంటే ఆరు టైర్లు, 24,000 రూపాయలు. నేను తొక్కేది హైదరాబాద్ శివారు గుట్టల్లో, వీలు చిక్కితే అనంతగిరి అడవి దారుల్లో. ఆదివారం సరదాకు అంత సొమ్ము నా జీతానికి తూగదు. అందుకే టైర్ల పద్దుకు నెలకు 500 అని గీత గీసుకున్నాను. ఏడాదికి 6,000. ఎండైనా వానైనా అందులోనే సర్దుకోవాలి.

సర్దుకోవాలంటే ముందు నేల తెలియాలి. ఎండాకాలంలో ఇక్కడి దారి గట్టి మొరం. దాని మీద గరుకు ఇసుక పరుచుకుని ఉంటుంది. మలుపులో చక్రం జారేది ఆ ఇసుక మీదే. జూన్‌లో వానలు పడ్డాక ఎర్రమట్టి మెత్తబడుతుంది, గ్రానైట్ బండలు పాచి పడతాయి. గట్టి నేల మీద పొట్టి గుబ్బలు దగ్గర దగ్గరగా ఉన్న టైరు తేలిగ్గా దొర్లుతుంది. బురదలో గుబ్బలు ఎత్తుగా, ఎడంగా ఉండాలి, లేకపోతే మట్టి ఇరుక్కుని టైరు నున్నగా తయారవుతుంది. తడి బండ మీదైతే గుబ్బల ఎత్తు కన్నా రబ్బరు మెత్తదనం ముఖ్యం. మెత్తటి రబ్బరుకు పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. చేతి చమురు వదిలేది అక్కడే.

కాబట్టి ఆ మెత్తదనాన్ని ఏ చక్రానికి కొంటున్నామన్నదే అసలు లెక్క. వెనక చక్రం కాస్త జారినా సర్దుకుని ముందుకు పోవచ్చు. ముందు చక్రం జారితే మాత్రం మనిషి నేల మీద ఉంటాడు. పైగా మన బరువులో ఎక్కువ భాగం, పెడల్ తొక్కే బలమంతా పడేది వెనక టైరు మీద, అందుకే అది త్వరగా అరుగుతుంది. నేను వెనక్కి కూడా ఖరీదైనదే చూస్తుంటే మా మెకానిక్ నవ్వాడు: ‘‘ఎనక టైరుకు గన్ని పైసలెందుకు సార్? అరుగుడే గదా దాని పని!’’

ఆ మాట మీదే నా పద్ధతి నిలబడింది. ఏటా వానలకు ముందు నాలుగు వేలు పెట్టి ఒకే ఒక్క కొత్త టైరు కొంటాను, 2.4 అంగుళాల వెడల్పు, మెత్తటి రబ్బరు. అది ముందుకు వెళ్తుంది. ఏడాది పనిచేసిన పాత ముందు టైరును విప్పి, పక్క గుబ్బలను బొటనవేలితో వంచి చూస్తాను. గుబ్బల మొదళ్లలో పగుళ్లు లేకపోతే దాన్ని వెనక్కి వేస్తాను. సగం అరిగినా ఆ మెత్తటి రబ్బరు వానాకాలం గడిపేస్తుంది. అక్టోబర్‌లో దాని పని అయిపోతుంది. అప్పుడు పొట్టి గుబ్బల గట్టి టైరు వెనక్కి వస్తుంది. రెండు వేలకు కొన్న ఈ టైరు ఎండలకు మాత్రమే తిరుగుతుంది కనుక రెండేళ్లు వస్తుంది, అంటే ఏడాది పద్దులో పడేది సగం ధరే.

మిగిలిన వెయ్యి సీలెంట్‌కు. పల్లేరు కాయలు, తుమ్మముళ్లు ఉన్న దారుల్లో ట్యూబ్‌లెస్ విలాసం కాదు, చిన్న చిల్లుల్ని ఆ ద్రవమే పూడుస్తుంది. కాకపోతే మన ఎండలకు కొన్ని నెలల్లోనే ఎండిపోతుంది. జూన్‌లో, అక్టోబర్‌లో టైర్లు మార్చేటప్పుడే కొత్తది పోస్తాను, వేసవిలో కాస్త కలుపుతాను.

పైసా ఖర్చు లేని సర్దుబాటు గాలి. ట్యూబ్‌లెస్ కాబట్టి ఎండలో ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ పెడతాను. తడి బండలకు రెండేసి తగ్గిస్తాను, టైరు కాస్త పరుచుకుని రాతిని పట్టుకుంటుంది. ట్యూబ్ ఉన్నవాళ్లు ఇంత తగ్గించకూడదు. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబ్ నలిగి పంక్చర్ అవుతుంది. ఈ అంకెలు నా 70 కిలోల బరువుకు, మీ బరువును బట్టి మారతాయి.

బురద కోసమే తయారయ్యే టైర్లను మాత్రం కొనలేదు, కొనను. జిగట మట్టిలో ఏ టైరూ ఎక్కువ దూరం పోదు, పైగా తడి దారిలో మనం వేసిన గాడి ఎండాక అలాగే గట్టిపడి అందరికీ ఇబ్బంది. పెద్ద వాన పడిన మర్నాడు ఇంట్లో ఉండటమే చవక.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇది: ముందు ఒక మంచి గాలి గేజి కొనుక్కోండి. తర్వాత చేతిలో ఒక్క టైరుకే డబ్బుంటే అది ముందు చక్రానికి పెట్టండి.