కుబుసాన్ని లాగొద్దు

కుబుసం విడిచే ముందు పాముకు చూపు మందగిస్తుంది. పాముకు రెప్పలు ఉండవు. కంటి మీద అద్దం లాంటి పొలుసు ఒకటి ఉంటుంది. పాత చర్మానికీ కింద తయారైన కొత్త చర్మానికీ మధ్య ద్రవం ఊరినప్పుడు ఆ పొలుసు పాలు కలిపిన నీళ్ళలా మసకబారుతుంది. అప్పుడు పాము తిండి మీద ధ్యాస పెట్టదు, మూలకు చేరుతుంది, ముట్టుకుంటే తొందరగా కాటుకు వస్తుంది. కొన్ని రోజులకు కళ్ళు మళ్ళీ తేటపడతాయి. తర్వాత మూతిని రాయికో వేరుకో రుద్ది, పెదవుల దగ్గర చీల్చుకుని, మేజోడు తిరగేసినట్టు చర్మమంతా వదిలి వెళ్ళిపోతుంది. అడవిలో ఈ పనికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

సాయం అవసరమైన పామును మేము పట్నంలో చూశాం. ఎర్రగడ్డలో మేము అద్దెకున్న ఇంటి పై అంతస్తులో ఒక కుర్రవాడు బాల్ పైథాన్‌ను పెంచుకునేవాడు. అది పశ్చిమ ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన చిన్న జాతి కొండచిలువ. దాని కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. తోక చివర ఉంగరంలా ఒక ముక్క, ఒక కంటి మీద పొర మిగిలిపోయాయి.

"సార్, మీరు అడవోళ్ళు గదా, పాముల సంగతి మీకు తెలుస్తది. జర ఈ తోలు గుంజెయ్యుండ్రి" అన్నాడు.

ఈ మాట మాకు కొత్త కాదు. ఆదివాసీ అనగానే పామును పడతాడు, చెట్టెక్కుతాడు, ఆకు మందు ఇస్తాడు అనుకుంటారు. పామంటే ఆమడ దూరం పరుగెత్తేవాళ్ళు మాలోనూ ఉన్నారు. తెలివి రక్తంలో రాదు. చూసి, పెద్దల దగ్గర విని నేర్చుకుంటేనే వస్తుంది. మేము విన్నదీ చూసిందీ అతనికి చెప్పాం: "లాగొద్దు తమ్ముడూ."

కుబుసం అంటుకుపోవడానికి తరచుగా కారణం గాలిలో తేమ లేకపోవడమే. ఎండాకాలం, ఏసీ గది, చిన్న నీళ్ళ గిన్నె కలిస్తే చర్మం ఎండిపోతుంది. పురుగులు పట్టినా, జబ్బు చేసినా అలాగే అవుతుంది. బలవంతంగా లాగితే కింది లేత చర్మం చిరుగుతుంది. కంటి పొరను గోటితో తీయబోతే కన్నే పోవచ్చు. అలాగని వదిలేయనూ కూడదు. తోక మీద ఉంగరం ఎండే కొద్దీ బిగిసి, రక్తం ఆడక తోక చివర కుళ్ళుతుంది.

అందుకని గోరువెచ్చని నీళ్ళు, పాము వీపు మునగనంత మాత్రమే, ఒక డబ్బాలో పోయించాం. పక్కనే ఉండి, ఇరవై నిమిషాల పాటు పామును అందులో ఉంచాం. తర్వాత తడిపిన మందపాటి తువ్వాలు మడతల్లోంచి దాన్నే పాకనిచ్చాం. డబ్బాలో గరుకు రాయి, తడి గుడ్డ పెట్టించాం. రెండో రోజుకు తోక ముక్క దానంతటదే ఊడింది. కన్నును మాత్రం మేము ముట్టలేదు, అతన్నీ ముట్టనివ్వలేదు. పాములకు వైద్యం తెలిసిన పశువైద్యుని దగ్గరికి పంపాం.

మన నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములను పెంచేవారు వాటిని నమోదు చేయించాలని 2024లో కేంద్రం నియమాలు తెచ్చింది. ఇది కూడా ఆ కుర్రవాడికి చెప్పాం.

చూసి నేర్చుకున్న తెలివి బతుకుదెరువు కూడా అవుతుందని తమిళనాడులోని ఇరులర్ ఆదివాసులు చూపించారు. ఒకప్పుడు వాళ్ళు తోలు వ్యాపారుల కోసం పాములు పట్టేవారు. చట్టం వచ్చి తోలు వ్యాపారం ఆగిపోవడంతో పూట గడవడం కష్టమైంది. 1978లో వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో పాములను మట్టి కుండల్లో ఉంచి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. వదిలే ముందు పొట్ట పొలుసు మీద గుర్తు పెడతారు. కొన్ని కుబుసాలు మారాక ఆ గుర్తు చెరిగిపోతుంది. ఈ పనిలో ఆరితేరిన వడివేల్ గోపాల్, మాసి సదయన్‌లకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. చంపి ఒలిచిన తోలు ఒక్కసారే కూడు పెట్టేది. బతికున్న పాము ఇప్పుడు వాళ్ళకు పని ఇస్తోంది, ఎందరికో ప్రాణం పోస్తోంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. బడి ఆవరణలో కుబుసం దొరికితే పారేయకండి. ముందు ఆ చుట్టుపక్కల పొదలు, కన్నాలలో ఎవరూ చేయి పెట్టకుండా చూడండి. కుబుసాన్ని కర్రతో తీసి తరగతిలో పరచండి. సాగుతుంది కాబట్టి అది పాము కంటే కొంచెం పొడవే ఉంటుందని చెప్పండి. కంటి పొలుసులు, పొట్ట కింది వెడల్పు పొలుసులు చూపించండి. వెన్ను నడుమ ఆరు మూలల పెద్ద పొలుసుల వరుస కనిపిస్తే అది కట్లపాముది కావచ్చు. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నొప్పి తెలియకుండా కాటేస్తుంది. హాస్టల్ పిల్లలు నేల మీద పడుకునే చోట ఈ గుర్తు కనిపిస్తే ఆ రాత్రి నుంచే వాళ్ళను మంచాల మీదికి, దోమతెరల్లోకి మార్చాలి. ఆ పామును, కుబుసాన్ని వాళ్ళ ఇంటి భాషలో ఏమంటారో పిల్లలనే అడిగి బోర్డు మీద రాయండి.