గానుగ ఆడే రోజుల్లో కశింకోట

శారద మీద వంతెన ఎక్కగానే రైలు చప్పుడు మారుతుంది. చిన్నప్పుడు ఆ చప్పుడు వినగానే మా అమ్మ మూటలు సర్దడం మొదలుపెట్టేది. మొన్న మాఘమాసంలో విశాఖపట్నంలో ప్యాసింజరెక్కి, దువ్వాడ, తాడి, అనకాపల్లి దాటాక అదే చప్పుడు విని నేనూ లేచి నిలబడ్డాను. మూటలేమీ లేవు. ఒక్క సంచి. అందులో రెండు జతల బట్టలు, పొలం పంపకాల కాగితాలు.

మా నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయనకీ చిన్నాన్నకీ ఉమ్మడిగా ఉన్న రెండెకరాలు ఇన్నాళ్లూ చిన్నాన్నే చూసుకుంటున్నాడు. ఈసారితో చెరకు మానేసి సరుగుడు వేస్తానని, అంతకు ముందే ఎవరి వాటా వాళ్లకి రాసేద్దామని కబురు చేశాడు. అప్పా తమ్ముడూ సంతకాలు పెట్టి పంపేశారు. నా సంతకం ఒక్కటే మిగిలింది. కొరియర్లో పంపితే సరిపోయేది. ఎందుకో నేనే బయల్దేరాను.

పదిహేనేళ్లుగా నేను కశింకోట వెళ్లింది పెళ్లిళ్లకీ, చావులకీ, రెండు మూడు సంక్రాంతులకీ. అప్పుడు ఊళ్లో అందరూ కొత్త బట్టల్లో ఉంటారు, అందరికీ తీరిక ఉంటుంది, ఎవరిని పలకరించినా ‘ఎప్పుడొచ్చావు, ఎప్పుడు వెళ్తావు’ అనే రెండు ప్రశ్నల దగ్గరే మాట ఆగిపోతుంది. ఈసారి గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇంట్లో ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పెరట్లో నుయ్యి, దాని పక్కన తడి ఆరని గోలెం, తీగ మీద ఆరేసిన తువ్వాళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి పడిపోయిన మామిడిచెట్టు చోట పిన్ని బెండ, వంగ వేసింది. మామిడి మొద్దు మాత్రం తీయలేదు. దాని మీద అంట్లు బోర్లించి ఉన్నాయి.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, “ఎవులమ్మా?” అని అడిగి, పోల్చుకుని, “ఓలమ్మ, నువ్వేటే! మీవోళ్లంతా గానుగ కాడున్నారు. పండగైపోనాది కదా, ఇప్పుడొచ్చినావేటి?” అంది.

సంచి అరుగు మీద పెట్టి పొలానికి నడిచాను.

కశింకోట అనకాపల్లికి నాలుగైదు కిలోమీటర్లు. ఇప్పుడు అనకాపల్లి జిల్లా కేంద్రం కూడా. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు అయింది. హైవే మీద పోయేవాళ్లకి మా ఊరు ఒక బోర్డు మాత్రమే. చరిత్ర పుస్తకాల్లో కూడా దాదాపు అంతే. 1758 నవంబరులో, ఫ్రెంచివాళ్లతో చందుర్తి యుద్ధానికి ముందు, కర్నల్ ఫోర్డు బెంగాలు నుంచి తెచ్చిన ఇంగ్లీషు సేన విజయనగరం ఆనంద గజపతిరాజు బలగాన్ని కలుసుకున్నది కశింకోటలోనే. కాలేజీలో ఆ వాక్యం చదివి పొంగిపోయి మా మామ్మకి చెప్పాను. ఆవిడ చాలాసేపు విని, “ఆ ఏడు శారద పొంగిందా?” అని అడిగింది. మామ్మకి సంవత్సరాలు లేవు, వరదలే ఉన్నాయి. ఫలానా వరద వచ్చిన ఏడు మీ నాన్న పుట్టాడు, ఫలానా వరదకి చెరకు మునిగిన ఏడు మీ అత్త పెళ్లి. ఇంటి చరిత్రంతా ఏటి గట్టు మీదే రాసుకుంది.

గానుగ పాక అరమైలు దూరం నుంచే తెలుస్తుంది. ముందు వాసన వస్తుంది. రసం కాగే వాసన వేరు, పాకం ముదిరే వాసన వేరు, పిప్పి మండే పొగ వేరు. మూడూ కలిసి ముక్కుకి తగిలేసరికి నా నడక దానంతటదే వేగమైంది.

చిన్నాన్న పెనం దగ్గర నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటాయి. నన్ను చూసి తెడ్డు ఆపలేదు. “వచ్చినావా తల్లీ. అలా నిలబడకు, పొగొస్తాది. ఇటు రా” అన్నాడు, నిన్న సాయంత్రం వెళ్లి ఇవాళ వచ్చినట్టు. పిన్ని పొయ్యిలోకి ఎండు పిప్పి తోస్తోంది. వాళ్లబ్బాయి, నాకు తమ్ముడు వరస, క్రషర్లోకి చెరకు గడలు పెడుతున్నాడు. నా చిన్నప్పుడు అక్కడ ఎడ్లు తిరిగేవి. తర్వాత ఇంజను వచ్చింది, తర్వాత కరెంటు మోటారు. పెనం, పొయ్యి, తెడ్డు మారలేదు.

బెల్లం వండటం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం రాస్తున్నాను, ఎందుకంటే ఇంకొన్నాళ్లకి మా వైపు కూడా చూడనివాళ్లే ఎక్కువవుతారు. రసం పెనంలో పోశాక కాస్త సున్నం వేస్తారు, రసంలోని పులుపు విరగడానికి. కాగుతుంటే మడ్డి పైకి తేలుతుంది. బెండ కాడలు నలిపి తీసిన జిగురు వేస్తే మడ్డి ఇంకా బాగా కట్టి వస్తుంది. పిన్ని పెరట్లో బెండ ఎందుకు వేసిందో నాకప్పుడు అర్థమైంది. మడ్డి తీస్తూనే ఉండాలి. రెండున్నర, మూడు గంటలు. నీరంతా ఇగిరి, నురుగు పెద్ద బుడగల నుంచి చిన్న బుడగలకి దిగి, రంగు తిరిగేటప్పుడు వండేవాడు ఇంకెవరి మాటా వినడు. చిన్నాన్న ఒక చుక్క పాకాన్ని చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, నా అరచేతిలో పెట్టాడు. “ఎలాగున్నాది?”

అది పరీక్ష. చిన్నప్పుడూ పెట్టేవాడు. ఉండ మెత్తగా ఉంటే ఇంకొంచెం కాగాలి, గట్టిగా అయిపోతే మాడినట్టే. నేను నొక్కి చూసి, “ఇంకో రెండు నిమిషాలు” అన్నాను. ఆయన తల ఊపి రెండు నిమిషాలు ఆగాడు. నా మాట నిజంగా సరైందో, నా కోసం ఆగాడో తెలీదు. కానీ పెనం దింపేటప్పుడు “ఒక చెయ్యెయ్యి” అన్నాడు, నేను వేశాను. నలుగురం కలిసి దింపితేనే దిగుతుంది అది. బాగా వేడి. ఆ క్షణంలో ఒకరి అడుగు ఇంకొకరికి తెలియాలి. పదిహేనేళ్లలో మా ఇంటివాళ్లతో అంత దగ్గరగా నిలబడింది అప్పుడే.

పాకం చెక్క తొట్టిలో పోసి తెడ్డుతో కలుపుతూ చల్లార్చి, దిమ్మలు కట్టారు. టన్ను చెరకుకి నూరు కిలోల బెల్లం వస్తే బాగా వచ్చినట్టు. చిన్నాన్న బెల్లం రంగు కొంచెం ముదురు. తెల్లగా, పసుపు తిరిగి కనిపించడానికి పాకంలో హైడ్రోస్ అనే రసాయనం వేసేవాళ్లున్నారు. మార్కెట్లో రంగుకే ముందు ధర కడతారు, అది కొత్త సంగతి కాదు. ఈయన వెయ్యడు. “మనింట్లో పిల్లలకెట్టిందే మార్కెట్టుకెట్టాల” అన్నాడు. ఆ పట్టుదలకి దిమ్మకి కొంత నష్టపోతున్నాడు, ఏటేటా.

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. మా నాన్న రోజుల్లో రాత్రి బళ్లు కట్టుకుని తెల్లారేసరికి మార్కెట్ దగ్గర దిమ్మలు దింపేవారు. తిరుగు బండిలో నిద్రపోతూ వచ్చేవాణ్ణని చెప్పేవారు, ఎడ్లకి దారి తెలుసు కాబట్టి. చెరకు పరిశోధన కూడా అనకాపల్లిలో పాతదే. 1913లో మొదలైన వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి ఎన్నో రకాలు వచ్చాయి. మా పొలంలో ఉన్నది 87ఎ298. ఆ ‘ఎ’ అనకాపల్లిదే. ఇంత ఉండి కూడా రైతు చెరకు ఎందుకు వదులుతున్నాడో చిన్నాన్న వేళ్లు మడిచి చెప్పాడు. తోట పడిపోకుండా జడచుట్టడానికి మనుషులు దొరకరు. నరకడానికి దొరకరు. దొరికినా కూలీ పోను మిగలదు. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, అటు తోలే దారి లేదు. సరుగుడైతే నాటి నాలుగేళ్లు వదిలేస్తే చాలు, కొనేవాడే వచ్చి కొట్టుకుపోతాడు.

“నాలుగేళ్లు పొలానికి ఎవులూ రానక్కర్లేదమ్మా” అన్నాడు. ఆయన దాన్ని లాభంగానే చెప్పాడు. పక్కన పిన్ని మాత్రం పొయ్యిలోకి చూస్తూ, “ఆ మాటే నాకు బాగోలేదు” అంది.

సాయంత్రం చిన్నాన్న కొడుకుతో శారద ఒడ్డుకి వెళ్లాను. అనంతగిరి కొండల్లో పుట్టి, రైవాడ జలాశయం దాటి మా దాకా వచ్చేసరికి మాఘంలో ఏరు సన్నబడిపోతుంది. ఇసుక మీద మూడు పాయలుగా పారుతోంది. ఈ ఒడ్డునే మేం ఈత నేర్చుకున్నాం. గట్టు మీద తాటిచెట్లకి గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. అవి వానాకాలంలో కట్టినవి, ఇప్పుడు ఖాళీ. గాలికి ఒకటి రాలి పడి ఉంటే ఏరాను. వరి ఆకు పీచుతో పాటు చెరకాకు పీచు కూడా చీల్చి అల్లింది పిట్ట. పొలం మధ్య నుంచి ఒక్కొక్క పోగు మోసుకెళ్లి, ముడులేసి, గాలికి ఊగేటట్టు, వానకి తడవనట్టు. తమ్ముడు దాన్ని పట్టుకుని తిప్పి చూసి, “ఇది మన తోటదే అక్కా” అన్నాడు. ఎలా చెప్పగలిగాడో అడగలేదు. అతను వ్యవసాయం చదవలేదు, పరవాడ వైపు ఒక కంపెనీలో షిఫ్టులకి వెళ్తాడు. గానుగ ఆడే పది రోజులూ సెలవు పెట్టుకుంటాడు. ఏడాదిలో వాళ్ల నాన్నతో తిన్నగా మాట్లాడేది ఆ పది రోజులే అని తనే చెప్పాడు. చీకటి పడేదాకా కూర్చున్నాం. మా నాన్న చివరి రోజుల సంగతులు, నేను ఊళ్లో లేనప్పటివి, అప్పుడు విన్నాను. పండగలకి వచ్చినప్పుడు ఎవరూ చెప్పనివి. చెప్పడానికి కూడా పక్కపక్కన కూర్చుని అలసిపోయి ఉండాలేమో.

రాత్రి అన్నాలయ్యాక కాగితాలు తీశాను. చిన్నాన్న కళ్లజోడు పెట్టుకున్నాడు. సంతకం పెట్టేముందు, “పిలక వదిలేస్తే కార్శి వస్తుంది కదా?” అని అడిగాను. వస్తుందన్నాడు. నరికిన మొదళ్లే మళ్లీ చిగురేస్తాయి, కొత్తగా విత్తనం గడలు నాటే ఖర్చుండదు, దిగుబడి మాత్రం కొంచెం తగ్గుతుంది. “అయితే మా వాటాలో అర ఎకరం అలా వదిలేయండి. సరుగుడు మిగతాదాంట్లో వేసుకోండి. కూలీ నేను పంపిస్తాను. జడచుట్టుకి, నరకడానికి, గానుగకి అప్పా, తమ్ముడూ, నేనూ ముగ్గురం వస్తాం.”

“నువ్వు జడచుడతావేటి?” అని పిన్ని నవ్వింది.

“నేర్పండి.”

చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. లేచి పెరట్లోకి వెళ్లి, నూతి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చి, “అర ఎకరానికి లెక్కేసుకో, లాభం రాదు” అన్నాడు. సరేనన్నాను. “మీ నాన్న కూడా లెక్కేసుకునేవాడు కాదు” అని కాగితాలు నా ముందుకి జరిపాడు.

మర్నాడు పొద్దున్నే హైదరాబాదు అప్పకి ఫోన్ చేశాను. తను కాసేపు ఏమీ అనలేదు. “పాకం ఉండ నీ చేతిలో పెట్టాడా?” అని అడిగింది. పెట్టాడన్నాను. “నాకూ పెడతాడా?” అంది.

రెండు రోజులనుకున్నది ఎనిమిది రోజులున్నాను. కొట్టిన చోటల్లా మొదళ్ల దగ్గర ఎండాకు పేర్చి, నీరు పెట్టి బయల్దేరాను. సంచిలో ఒక దిమ్మ బెల్లం, పాత చీర మడతలో గిజిగాడి గూడు.

ఈ వారం చిన్నాన్న కొడుకు ఫోటో పంపాడు. మూడు పిలకలు మట్టి చీల్చుకుని వచ్చాయి. వచ్చే మాఘానికి ఆ అర ఎకరం గానుగకి వస్తుంది. ముగ్గురం సెలవులు ఇప్పుడే రాసిపెట్టుకున్నాం.